పైకప్పు క్రింద కాలిబంతి

ఈ శీర్షికలో ఆటలను గూర్చి వ్రాసినప్పుడెల్ల, మగవారి పరుగులతో మనకేమి పని యని యడుగు సోదరీమణులు కొందఱుందురు. వారికి మా మనవి యొక్కటే. ఈ నెల మేము చెప్పబోవునది ఇల్లాలి చేతిసంచిని కనిపెట్టి పుట్టించిన యాట. తండ్రి యొక్కడే గాక తల్లియు బిడ్డలును గూడ టిక్కెట్లు కొని వచ్చి, చలి యెఱుగక రెండు గంటలు వినోదించి యింటికి బోవలెనని తలచి దాని నేర్పఱచినవారు వర్తకబుద్ధి గలవారు. ఆటకాండ్రు తరువాత వచ్చిరి. ఈ వరుసను మఱవక చదివినచో, 1978-79 శీతకాలమున అమెరికాలో జరిగిన మొదటి మేజర్ ఇండోర్ సాకర్ లీగు సీజనులో ఎవరికేమి దక్కెనో, ఎవరేమి పోగొట్టుకొనిరో సులభముగా బోధపడును.

కాలిబంతిని అమెరికావారు సాకర్ అందురు. ఫుట్‌బాల్ అను పేరును అక్కడ వేఱొక యాట, బంతిని చంకను బెట్టుకొని పరువెత్తు మోటయాట, ఏనాడో స్వాధీనము చేసికొన్నది. ఇక శీతకాలము వచ్చెనా, ఆ దేశపు ఉత్తరభాగమున మైదానములన్నియు మంచుతో గప్పబడును. ఆరుబయట కాలిబంతి సాగదు. అయితే ఆ పట్టణములలో గొప్ప గొప్ప కప్పుమందిరములు గలవు. మంచుగచ్చుపై జాఱుచు హాకీ యాడుటకు గట్టినవి అవి. హాకీ లేని రాత్రులయందు అవి దీపము లేని యిండ్లవలె నుండును. అంతటి భవనము ఊరక పడియుండుట చూచి సొమ్ముగల వారికి నిద్ర పట్టునా?

1974 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్ మందిరమున నొక పోటీ జరిగెను. సోవియట్టు సైనికుల జట్టు అమెరికాకు వచ్చి, ఆ యూరి ఆటమ్స్ జట్టుతో కప్పు క్రింద కాలిబంతి యాడి 6-3గా గెలిచెను. ఓడినది తమ జట్టే యైనను, చూడవచ్చినవారు 11 వేలకు పైబడిరి. వారిలో ఎడ్ టెప్పర్ అను నొక వ్యాపారి యుండెను. అతడు గోలులను గాక జనమును జూచెనని చెప్పవచ్చును. తరువాత అతడును, వాషింగ్టనులో న్యాయవాదియగు అర్ల్ ఫోర్మన్ అను నాతడును గలిసి 1978లో లీగును స్థాపించిరి.

ఆట నెట్లు మార్చిరో కొంచెము వివరముగా జెప్పవలయును. ఏలయన, ఆ మార్పులన్నియు చూచువారి కొఱకు చేసినవి.

ఆరుబయటి మైదానము సుమారు 110 గజముల పొడవు, 75 గజముల వెడల్పు నుండును. పట్టుమని పదునొకండుగురు ఆడుదురు. గంటన్నర గడచినను ఒకటో రెండో గోలులు, ఒక్కొక్కనాడు అదియు లేదు. క్రొత్తలీగువారు హాకీగచ్చుపై పలకలు పఱచి, వానిపై కృత్రిమపు పచ్చికను బరచిరి. పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. అనగా బయటి మైదానములో నాలుగవవంతునకును తక్కువ. గోలుకీపరుతో గూడ జట్టునకు ఆఱుగురు. గోలు వెడల్పు 24 అడుగులకు బదులు 12 అడుగులు. ఆటకాలము పదునైదేసి నిమిషముల నాలుగు భాగములు. హాకీవారి ప్రక్కగోడలను మాత్రము తీయక యుంచిరి. అందులోనే యున్నది యీ యాట కిటుకు. బంతి బయటకు బోవుటన్నది లేదు. గోడకు దగిలి తిరిగి వచ్చును. తెలిసిన యాటకాడు ఆ గోడనే తోడుగా జేసికొని బంతిని తనకు దానే యందించుకొనును. మన యింటి వాకిట పిల్లలు అరుగుగోడకు బంతి గొట్టి యాడుట చూచిన తల్లులకు దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఆట నిలువక సాగుటచే ఎవ్వరును రెండుమూడు నిమిషములకు మించి యొక్కపట్టున పరువెత్తలేరు. అందుచే ఆట నడుచుచుండగనే అలసినవాడు గోడ దాటి బల్లపైకి బోవును, మఱియొకడు గోడ దాటి లోనికి దుముకును. తప్పు చేసినవానిని రెండు నిమిషములు ప్రత్యేకపు గదిలో గూర్చుండబెట్టుదురు. అంతవఱకు ఆ జట్టు ఒక మనిషి తక్కువతో నాడవలయును. బడిలో అల్లరిపిల్లవానిని మూల నిలువబెట్టు పంతులుగారి పద్ధతియే యిది. పెద్దవారికిని పనిచేయుట విశేషము.

ఇన్ని యేర్పాటుల ఫలము గోలుల వాన. 7-2, 9-5 వంటి లెక్కలు ఈ యాటలో వింత గావు. బంతి కప్పు దీపముల క్రింద దూరపు వరుసలవారికి గూడ కనబడుటకై ఎఱ్ఱనిది వాడిరి. ఆటకాండ్రను లోనికి పిలుచునప్పుడు దీపము లార్పి, సంగీతము మ్రోగించి, నాటకపాత్రలవలె ప్రవేశపెట్టు ఆచారము ఈ లీగులో నానాటికి ముదిరెను. మాకు దీనియందు పెద్ద ద్వేషము లేదు. పిల్లలు సంతోషించిరి. కాని ఆ పచ్చిక సంగతి చెప్పకుండుట తప్పు. అది గడ్డి కాదు, గట్టినేలపై పఱచిన గరుకు చాప. దానిపై జాఱిపడినవాని మోకాలు, మోచేయి కాలినట్లు చర్మము లేచిపోవును. ఒక పుండు మానకమునుపే మరునాటి యాట వచ్చును. పై వరుసలలో గూర్చున్నవారికి ఎఱ్ఱబంతి కనబడునుగాని యిది కనబడదు.

మొదటి సీజనున ఆఱు జట్లు చేరెను. న్యూయార్కు యారోస్, ఫిలడెల్ఫియా ఫీవర్, సిన్సినాటీ కిడ్స్, క్లీవ్‌లాండు ఫోర్స్, హ్యూస్టన్ సమ్మిట్, పిట్స్‌బర్గు స్పిరిట్. యారోస్ అన బాణములు, బాగుగనే యున్నది. తమ జట్టునకు తామే జ్వరమని పేరు పెట్టుకొన్న ఫిలడెల్ఫియావారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే.

1978 డిసెంబరు 22వ తేదీన న్యూయార్కు చెంత లాంగ్ ఐలండులోని నాసా కొలీసియమున తొలి యాట జరిగెను. 10 వేలకు మించిన జనము. సిన్సినాటీ జట్టు భాగస్వాములలో నొకడగు పీట్ రోజ్ తొలి బంతిని తన్ని ప్రారంభోత్సవము చేసెను. ఇతడు కాలిబంతి యాడువాడు కాడు. బేస్‌బాల్ ఆటలో దేశమెల్ల నెఱిగిన వీరుడు, సిన్సినాటీ యూరికి కన్నబిడ్డవంటివాడు. చిత్రమేమన, అదే డిసెంబరులో నతడు తన యూరి బేస్‌బాల్ జట్టును విడిచి ఫిలడెల్ఫియా జట్టుతో ఒడంబడిక చేసికొనియుండెను. ఊరివారి యభిమానమునకు పెట్టుబడి పెట్టినవాడే ఊరు విడిచె నన్నమాట. ఆ రాత్రి యాటలో యారోస్ 7-2గా గిడ్స్‌ను ఓడించెను.

ఒక్కొక్క జట్టు 24 ఆటలాడవలయును. ఈ శీతకాలపు పట్టికలో అగ్రస్థానము హ్యూస్టనునకు వచ్చెను. అయినను పట్టికలో మొదట నిలిచినవానికి కిరీటమీయరు. పైవారికి మరల పోటీలు పెట్టుదురు. మార్చిలో జరిగిన తుదిపోటీకి హ్యూస్టను రాలేకపోయెను. యారోస్, ఫీవర్ అనునవి వచ్చెను. రెండాటలలోను యారోసే గెలిచి తొలి బహుమానమును దీసికొనెను. నెలల తరబడి పడిన శ్రమ నొకటి రెండు రాత్రులతో దుడిచివేయు ఈ పద్ధతి మాకు రుచింపదు. టిక్కెట్లు మాత్రము బాగుగ నమ్ముడుపోవునట.

యారోస్ జట్టులోని వారు పెక్కురు అంతకుముందు రోచెస్టరు పట్టణపు లాన్సర్స్ జట్టున ఆరుబయట ఆడినవారు. డాన్ పొపొవిచ్ వారికి శిక్షకుడు. గోలుకీపరు షెప్ మెస్సింగ్ హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివినవాడు. 1977లో ప్రసిద్ధుడగు పెలేతో గూడ కాస్మాస్ జట్టున నాడినవాడు. తుదిపోటీలో మేటి యాటకాడను గౌరవ మితనికి వచ్చెను. గోలులు కురియు నాటలో గోలుల నాపినవానికి బహుమాన మిచ్చుట మాకు మిక్కిలి నచ్చినది. వంట బాగుండెనని చెప్పువారు పలువురు గాని, పాలు పొంగకుండ గాచినవారిని తలచువారు తక్కువ.

ఈ సీజనున నిక చెప్పవలసిన ముఖ్యుడు స్టీవ్ జుంగుల్. తల్లిదండ్రులు పెట్టిన పేరు స్లావిషా. నాటి యుగోస్లావియా దేశములో, నేటి క్రొయేషియాలో, స్ప్లిట్ అను సముద్రతీరపు పట్టణము గలదు. అచ్చటి హైదుక్ జట్టునకు ప్రాణమువంటి ముందువరుస యాటకాడు, దేశపు జట్టునకు ఆడినవాడు. వయస్సు 24 ఏండ్లు. ఆ దేశపు కట్టుబాటు ప్రకారము 28 ఏండ్లు నిండినగాని ఆటకాడు పరదేశపు జట్టున చేరరాదు. సైన్యములో నిర్బంధపు కొలువును చేయవలసియుండెను. 1978 డిసెంబరులో, శీతకాలపు సెలవులలో కొన్ని ప్రదర్శనపుటాట లాడివత్తునను నెపమున నతడు న్యూయార్కునకు బోయి, యారోస్ జట్టున జేరి, తిరిగి రాలేదు.

ఇంత వయస్సు వచ్చువఱకు గడప దాటరాదను కట్టుబాటు మన పాఠకురాండ్రకు క్రొత్త గాదు. అది మగవానికి దగిలినప్పుడు మాత్రము లోకవార్త యగును.

హైదుక్ వారు మొఱపెట్టిరి. ప్రపంచ కాలిబంతి సమాఖ్యయగు ఫీఫా జుంగుల్‌ను ఆరుబయటి యాటనుండి బహిష్కరించెను. కప్పు క్రింది లీగు ఫీఫా యధికారమునకు లోబడినది కాదు గనుక అక్కడ మాత్ర మాడవచ్చును. ఇట్టి తీర్పు మఱియొక విద్యలో నూహింపుడు. సంగీతవిద్వాంసునకు గదిలో పాడవచ్చును గాని సభలో పాడరాదని చెప్పినట్లున్నది. క్లబ్బువారి పక్షమున జెప్పవలసిన దేమియు లేదని మే మనము. బాలుడుగా జేరినవానిని పోషించి, నేర్పి, పెద్దవానిని జేసిన సంస్థను అబద్ధమాడి విడిచిపోవుట మెచ్చదగిన పని కాదు. కాని మనిషికి నాలుగేండ్లు గడువు పెట్టి, ఆ గడువు లోపల అతని కాళ్లలోని సత్తువ తరిగిపోవుచున్నను కదలరాదనుట అంతకంటె మెచ్చదగినది కాదు. ఆటకానికి 24 మొదలు 28 వఱకు గల యేండ్లు మనవంటివారి యిరువదియేండ్లతో సమానము. ఈ లెక్కను కట్టుబాటు వ్రాసినవారు గుర్తింపలేదు.

అతడు కప్పు క్రింద ఏమి చేసెనో చూడుడు. ఆ మొదటి సీజనున 18 ఆటలాడి 43 గోలులు చేసెను. లీగు మొత్తమున మేటి యాటకాడను బిరుదు పొందెను. గోలులను, గోలులకు తోడ్పాటులను గలిపి లెక్కించు పట్టికలో మాత్రము ఫీవర్ జట్టుకు చెందిన ఫ్రెడ్ గర్గురెవ్ ప్రథముడు. రెండేండ్ల తరువాత, 1980-81లో, జుంగుల్ 40 ఆటలలో 108 గోలులు చేసెను. మొదటి నాలుగేండ్లును, అనగా 1979 మొదలు 1982 వఱకు, బహుమానము యారోస్ జట్టునకే వచ్చెను. అమెరికా పత్రికలవారు అతనిని కప్పు క్రింది లోకమున కెల్ల ప్రభువని పిలిచిరి. బయటి వెలుతురున అడుగుపెట్టరాని ప్రభువు.

జుంగుల్‌తో గూడ న్యూయార్కునకు మోని కొవాచిచ్ అను యువతి వచ్చెను. ఆమెయు సామాన్యురాలు గాదు, తన దేశమున పేరుపొందిన గాయని. శ్రోతలు, గ్రామఫోను రికార్డులు, తన భాషలో పాడుకొను వీలు, ఇన్నింటిని వెనుక విడిచి సముద్రము దాటినది. ఆట చరిత్రలలో ఆమె పేరు ఒక వాక్యములో వచ్చి యా వాక్యములోనే ముగియును. జుంగుల్ గోలులను ఒక్కటియు విడువక లెక్కించిన చరిత్రకారులు ఈమె త్యాగమును లెక్కకు దీసికొనకపోవుట మా కాశ్చర్యముగా లేదు. వ్రాసి పెట్టుట మాత్రము మా కర్తవ్యము.

సీజను ముగియగానే సిన్సినాటీ కిడ్స్ మూతపడెను. ఒక్క శీతకాలపు బ్రదుకు. ఊరివారు ఎఱ్ఱబంతికి అలవాటు పడకమునుపే దుకాణము తలుపు దింపిరి. మిగిలిన వాని కథ త్వరగా చెప్పవచ్చును. పట్టికలో మొదట నిలిచిన హ్యూస్టన్ జట్టును 1980లో బాల్టిమోరునకు తరలించి బ్లాస్టు అని పేరు మార్చిరి. ఫిలడెల్ఫియా జ్వరము 1982లో దిగెను. నాలుగు మార్లు గెలిచిన యారోస్ గూడ 1984లో మాసిపోయెను. న్యూయార్కున మరల నొక జట్టు పెట్టుటకు మెస్సింగ్ ముందునకు వచ్చెనుగాని, ఆ ఎక్స్‌ప్రెస్ అనునది 1987లో సీజను నడుమనే ఆగిపోయెను. 1979-80లో జట్లు ఆఱునుండి పదియయ్యెను. ఆరుబయటి ఉత్తర అమెరికా లీగువారును అదే శీతకాలమున తమ జట్లతో కప్పు క్రింద పోటీలు మొదలుపెట్టిరి. ఉన్న ప్రేక్షకులను ఇద్దఱు పంచుకొనిరి. మేజర్ ఇండోర్ సాకర్ లీగు తుదకు 1992లో మూతపడెను.

నిలిచిన జట్లును లేకపోలేదు. రెండవ సీజనున జేరిన సెయింటు లూయీ స్టీమర్స్ వారు తమ యూరి పిల్లలనే పెక్కుమందిని జట్టులోనికి దీసికొనిరి. ఆ యూరివారు మందిరమును నింపిరి. తమ వీథి కుఱ్ఱవా డాడుచుండగా ఏ తల్లి యింట గూర్చుండును? కాన్సస్ రాష్ట్రమున విచిటా యను ఊరు గలదు. న్యూయార్కు ప్రక్కన నిలిపిన నది పల్లెతో సమానము. 1979లో పుట్టిన ఆ యూరి వింగ్స్ జట్టు, లీగు చచ్చిన తరువాత మఱియొక లీగులో జేరి, 2001 వఱకు బ్రదికెను. న్యూయార్కునకు సాధ్యము కానిది విచిటాకు సాధ్యమయ్యెను. దీపములును సంగీతమును రెంటను నుండెను. పొరుగూరి ఆటకాని పేరు పిల్లలకు దెలిసినది విచిటాలో.

ఆ మొదటి సీజనున స్త్రీలకు దొరికినది ప్రేక్షకాసనమే. ఆడినవారందఱును పురుషులు. ఇంటిల్లిపాదిని బిలిచినవారు ఇల్లాలిని బల్లపై గూర్చుండి చప్పట్లు కొట్టుటకే పిలిచిరి. కప్పు క్రింది కాలిబంతిలో ఫుట్సాల్ అను మఱియొక రకము గలదు. దానికి ప్రక్కగోడలు లేవు, జట్టునకు ఐదుగురు, బంతి చిన్నది, ఎక్కువ యెగురనిది. ఫీఫావారు దానిలో పురుషులకు ప్రపంచపు పోటీలను 1989లో హాలెండు దేశమున మొదలిడిరి. స్త్రీలకు అట్టి పోటీలు 2025లో ఫిలిప్పీన్స్ దేశమున జరిగెను. నడుమ 36 సంవత్సరములు. జుంగుల్‌కు పెట్టిన గడువు నాలుగేండ్లని మనము బాధపడితిమి.

మన దేశమునకును ఫుట్సాల్ వ్యాపారము రాకపోలేదు. 2016లో ప్రీమియర్ ఫుట్సాల్ అను పేర ఒక లీగు పుట్టినది. దేశదేశముల నుండి పేరుమోసిన ఆటకాండ్రను రప్పించిరి. 2017లో జరిగిన రెండవ సీజనున తెలుగు టైగర్స్ అను జట్టు గూడ నుండెను. మూడవ సీజను లేదు. సిన్సినాటీ వారికంటె మన పేరుగలవారికి దక్కిన దేమియు నెక్కువ కాదు.

జుంగుల్ విషయమున తుదివార్త చెప్పి ముగింతుము. 1983లో నతడు కాలిఫోర్నియాలోని గోల్డెన్ బే జట్టు పక్షమున మరల ఆకాశము క్రింద ఆడెను. నాలుగేండ్లకు పైబడిన కప్పువాసమున బయటి యాట మఱచియుండునని తలచినవారికి బదులుగా, 1984లో ఉత్తర అమెరికా లీగు మొత్తమున మేటి యాటకాడను బిరుదును సంపాదించెను. అప్పటికి వయస్సు 30. అయితే ఆ లీగునకు అదియే తుది సీజను. 1985లో దాని యాటలు జరుగలేదు. జుంగుల్ మరల కప్పు క్రిందకు బోయి, సాన్ డియేగో మొదలగు జట్లలో 1990 వఱకు ఆడెను. కప్పు క్రింది లీగులో అతడు చేసిన గోలులు మొత్తము 652.